చేతిసంచిలో మోయదగిన రెండవ తెర



నేటి ప్రసంగవిషయమును వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. ముప్పదియైదేండ్లు పాఠశాలలో వ్యాకరణమును, కావ్యములను బోధించి విశ్రాంతి గొన్న తెలుగు పంతులునకు తెరలతోను తీగలతోను పని యేమని యడుగవచ్చును. నిజమే, పని లేకయే యుండెను. పని కల్పించినది ఒక తాటియాకుల కట్ట.

మా గురువుగారి వంశమువారి యింట నొక వైద్యగ్రంథము కలదు. నూటయేబదికి పైగా ఆకులు. కొన్నింటిని పురుగు తొలిచినది; కొన్నింటి అంచులు విరిగినవి. కట్ట విప్పినప్పుడెల్ల ఇంత పొడి రాలుచుండెను. ఆకును ముట్టకుండ చదువు నుపాయ మేమని మేము విచారించుచుండగా, నా మనుమరాలు సెలవులకు వచ్చి, ప్రతి యాకునకును రెండువైపుల ఛాయాచిత్రములు తీసి, నా టాబ్లెట్టులో నిలిపి పోయెను. పిల్లలు దానిని ట్యాబు అందురు. నేను పలక యందును. మనము ఓనమాలు దిద్దిన పలకకును దీనికిని పరిమాణమున అంత భేదము లేదు.

పొరుగూర నున్న నా సహాధ్యాయియు నేనును వారమున కొకదినము కలిసికొని ఆ చిత్రములు చూచి శుద్ధప్రతి వ్రాయుచున్నాము. ఒక వారము ఆయన మా యింటికి వచ్చును. మరుసటి వారము నేను బస్సెక్కి ఆయన యింటికి పోదును. నాకొక కంట శుక్లము తీయించితిని; ఆయనకు రెండు కండ్లను తీయించిరి. పదియంగుళముల పలకపై ఇద్దరు ముసలివారు తలలు తాకునట్లు వంగి చూచుట యెంత సుఖమో మీ రూహింపవచ్చును. నలువదియొకటవ యాకున, ఒక చూర్ణమునకు పిప్పళ్ళు ఇన్ని పలము లని వ్రాసిన తావున, అంకె ౨ యని ఆయన యనెను. ౩ అని నేనంటిని. రెండు వారములు వాదించితిమి. అంకె తప్పినచో మందే తప్పును గదా! పెద్ద తెర యొకటి సంపాదింపవలయు నని నాకు తోచిన దప్పుడే.

ఇట్టి తెరను అంగడివారు పోర్టబుల్ మానిటరు అందురు. చూచుటకు పలుచని పళ్ళెమువలె నుండును. పదునాలుగు మొదలు పదునా రంగుళములవరకు గలవి విరివిగా దొరకును. తూకము ముప్పాతిక కిలోకు అటునిటుగా నుండును. దీనికి స్వంత బుద్ధి లేదు. పుస్తకమును దాచదు, లెక్క చేయదు, లోకముతో మాటలాడదు. చంద్రుడు సూర్యతేజముచేత వెలుగునట్లు, ఇది పలకయో ల్యాప్‌టాపో పంపిన బొమ్మను మాత్రము చూపును. ఈ యొక్కమాట మనసున నిలిపికొన్నవారు నావలె మోసపోరు. నేను చంద్రుని గొనిన తరువాత సూర్యుని పరీక్షించితిని.

పట్టణములో ఒక దుకాణమున తొమ్మిదివేల చిల్లర పోసి పదునైదున్నర యంగుళముల తెరను గొని, ఇంటికి తెచ్చి, పెట్టెలో వచ్చిన తీగను పలకకు తగిలించితిని. తెర వెలిగెను, దాని తయారీదారు గుర్తు కనబడెను, పిమ్మట సంకేతము లేదని వ్రాయుచు నల్లబడెను. తీగను తిప్పి పెట్టితిని. పలకను ఆర్పి వెలిగించితిని. ఫలము లేదు. మరునాడు దుకాణమునకు పోగా, పెట్టె విప్పినది తిరిగి తీసికొన మనిరి. ఆ రాత్రి మనుమరాలితో ఫోనులో మొరపెట్టుకొంటిని. "తాతయ్యా, తెరది తప్పు కాదు. మన ట్యాబుకు బొమ్మను బయటికి పంపే శక్తి లేదు. కొనేముందు నన్ను ఒక్కమాట అడిగితే పోయేది కదా!" అనెను. పిల్లచేత అట్టి మాట వినుట కష్టమే గాని, అన్నది సత్యము.

ఈ శక్తి సంగతి కొంచెము విపులముగా చెప్పవలసి యున్నది. నేటి పలకలకును, ఫోనులకును, ల్యాప్‌టాపులకును అంచున కోడిగ్రుడ్డువలె సాగిన చిన్న రంధ్ర ముండును. దానిని యు.ఎస్.బి. టైప్ సి యందురు. ఈ రూపము 2014లో నిర్ణయింపబడినది. తీగను ఏవైపు త్రిప్పి పెట్టినను పట్టునట్లు లోపల ఇరువదినాలుగు స్పర్శస్థానములు అమర్చిరి. రంధ్రము రూపము అన్నింటను ఒక్కటే. లోపలి సామర్థ్యము మాత్రము ఒక్కటి కాదు. ఒకదానిలో విద్యుత్తు నింపుటయు, నెమ్మదిగా సమాచారము పంపుటయు మాత్రమే యుండును. వేరొకదానిలో వీనికి తోడు బొమ్మను పంపు మార్గమును ఉండును. ఆ మార్గమునకు డిస్‌ప్లే పోర్ట్ ఆల్టర్నేట్ మోడ్ అని పేరు. కవలలు ఒకే పోలిక నున్నను ఒకడు సంగీతము నేర్చినవాడును, ఒకడు నేర్వనివాడును కావచ్చును. ముఖము చూచి పాడుమన్న నేమి ప్రయోజనము? తక్కువ వెలకు దొరకు పలకలలో పెక్కింటికి ఈ మార్గము లేదు. నా పలక అట్టి వానిలో నొకటి.

కావున తెరను వెదకుటకు ముందు మీ యొద్ద నున్న యంత్రమును పరీక్షింపుడు. దాని వెనుక వ్రాసియున్న నమూనా పేరును చదువు వచ్చిన పిల్లవానికి చెప్పి, తయారీదారు ఇచ్చిన వివరములలో డిస్‌ప్లే పోర్ట్ అనియో, వీడియో అవుట్ అనియో యున్నదేమో చూపించుకొనుడు. ఆ మాట లేక కేవలము యు.ఎస్.బి. 2.0 అని యున్నచో ఆశ విడువవలసినదే. కొన్ని ల్యాప్‌టాపులలో రంధ్రము ప్రక్కన డి, పి యను రెండక్షరములు కలిసిన గుర్తు గాని, థండర్‌బోల్ట్ అనుదాని మెరుపు గుర్తు గాని చెక్కి యుండును. అన్నింటికంటె నిశ్చయమైన మార్గ మొకటి కలదు: మీ యంత్రమును చంకబెట్టుకొని దుకాణమునకు పోయి, అక్కడనే తగిలింపించి, బొమ్మ కనబడిన పిమ్మట రూకలు లెక్కబెట్టుడు. ఎద్దును గొనునపుడు కాడి కట్టి నడిపించి చూడక మన మెన్నడైన రొక్క మిచ్చితిమా?

ల్యాప్‌టాపు గలవారికి ఇంత చిక్కు లేదు. అందు పెక్కింటికి హెచ్.డి.ఎం.ఐ. యను మరియొక రంధ్రముండును. ఇంటి టెలివిజనుకు డబ్బా తగిలించు తీగ అదియే. అయితే మోయదగిన తెరలలో కొన్నింటికి ఈ రంధ్రము చిన్నదిగా చేయబడియుండును గనుక, తగిన తీగ పెట్టెలో నున్నదో లేదో చూడవలయును. హెచ్.డి.ఎం.ఐ. తీగ బొమ్మను తెచ్చును గాని తెర వెలుగుటకు చాలినంత విద్యుత్తు తేదు. దానికి వేరొక తీగ వలయును.

తీగల మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పెదను. ఫోనుతో వచ్చిన తీగ టైప్ సి కొనలు గలదైనను, సాధారణముగ అది విద్యుత్తు నింపుటకే చేయబడినది. బొమ్మను మోయు సన్నని తంత్రులు అందు లేవు. యంత్రము మంచిదై, తెర మంచిదై, తీగ తగనిదై బొమ్మ రానప్పుడు మనము తెరను తిట్టుదుము. తెరతో వచ్చిన తీగకు ఒక గుడ్డపేలిక చుట్టి వేరుగ దాచుకొనుడు. మా యింట ముడివేసిన ఎఱ్ఱ పేలిక యున్నది.

ఇక బొమ్మ వచ్చినదనుకొందము. అది రెండు విధములుగా రావచ్చును. మొదటిది ప్రతిబింబము: పలకపై నేది యున్నదో తెరపైనను అదియే కనబడును. రెండవది విస్తరణము: పలకపై నొకటి, తెరపై మరియొకటి. ల్యాప్‌టాపులు రెంటిని చేయును. పలకలలో పెక్కు ప్రతిబింబముతోనే సరిపెట్టును. ఆపిల్ వారి పలకలలో ఎం1 మొదలుకొని ఎం జాతి చిప్పు గలవి విస్తరింపగలవు. తక్కినవి సామాన్యముగా ప్రతిబింబమునే చూపును. శాంసంగ్ వారి ఎస్ శ్రేణి పలకలలో కొన్నింటికి డెక్స్ అను ఏర్పాటుండి, తెరను ల్యాప్‌టాపు తెరవలె మార్చును. సభలో పదిమందికి బొమ్మ చూపువారికి ప్రతిబింబము చాలును. మావలె ప్రతి వ్రాయువారికి చాలదు. ఆకు ఒకచోట, వ్రాత ఒకచోట, రెండును ఒక్కసారిగా కన్నులయెదుట నుండవలయును. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రౌను దొర కడపలో పండితులను గూర్చుండబెట్టి తెలుగు గ్రంథములకు పలు ప్రతులు తెప్పించి సరిచూపించెను. నాడును పని యిదియే: ఒక ప్రతిని కన్ను విడువకుండగా మరియొక దానిని చూచుట.

ప్రతిబింబమున మరియొక మోస మున్నది. దానికి కొంచెము క్షేత్రగణితము వలయును. తెర యిన్ని యంగుళములు అనునపుడు వారు చెప్పునది వెడల్పు కాదు, పొడవు కాదు. మూలనుండి మూలకు గీచిన రేఖ. భాస్కరాచార్యుని లీలావతి చదివినవారికి భుజకోటికర్ణములు క్రొత్తవి కావు. అంగడివాడు కర్ణమును మాత్రము చెప్పి, భుజమును కోటిని మింగివేయును. 15.6 అంగుళముల కర్ణము గల సామాన్యపు తెర 16కు 9 పాళ్ళలో నుండును. అనగా వెడల్పు 13.6 అంగుళములు, ఎత్తు 7.65 అంగుళములు. నాలుగుకు మూడు పాళ్ళలో నున్న పలకను దీనికి తగిలించి ప్రతిబింబము చూపినచో, బొమ్మ ఎత్తు 7.65 అంగుళములకు మించలేదు గనుక వెడల్పు 10.2 అంగుళములే యగును. ప్రక్కల రెండు నల్లని పట్టెలు మిగులును. అప్పటి బొమ్మ కర్ణము 12.75 అంగుళములు మాత్రమే! పండ్రెండు పదుమూ డంగుళముల పెద్ద పలక గలవాడు దీనిని గొని లాభపడున దేమి? 16కు 10 పాళ్ళ పలకయైనచో బొమ్మ కర్ణము 14.4 వచ్చును, కొంత మేలు. పది పదకొం డంగుళముల పలక గలవారికి మాత్రమే ప్రతిబింబమువలన చెప్పుకొనదగిన పెరుగుదల కలుగును.

తాటియాకు నిడుపైనది గనుక ఆ వెడల్పు మాకు మిక్కిలి కలిసివచ్చినది. ఆకు మొత్తము ఒక్కచూపున పట్టును. అచ్చుపుస్తకపు పుట అట్లు కాదు. అది నిలువుగా నుండును. పుస్తకములు చదువుకొనగోరువారు తెరను నిలువుగా నిలుపుటకు వీలగునో కాదో చూచి కొనుట మంచిది. ల్యాప్‌టాపులో బొమ్మను నిలువునకు త్రిప్పు అమరిక యుండును. పలకలలో అది నమ్మదగినది కాదు.

తెర యంతయు చిన్న చిన్న చుక్కలచేత చేయబడినది. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గలది మన పనికి తగును. అంతకు తక్కువ గలదానిని వెల చౌకయని కొనకుడు. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవునేమో గాని, మన లిపికి చాలదు. ద, ధ, థ యను మూటిని చూడుడు: ఒకదానికి క్రింద చిన్న గీత, మరియొకదానికి కడుపులో చుక్క. ఇంతే భేదము! వత్తులు ఇంకను చిన్నవి. చుక్కలు చాలని తెరపై ఒత్తులన్నియు చీమలబారువలె కనబడును. అట్లని నాలుగు రెట్లు చుక్కలు గల 4కె తెర కొనుమని నేను చెప్పను. ఈ కొలతలో ముసలికన్ను దాని విశేషమును పట్టలేదు. వెలయు విద్యుత్తును మాత్రము హెచ్చగును. నా పలకకును దాదాపు ఇన్ని చుక్కలే యుండెను. తెరపై అవే చుక్కలు విశాలముగా పరచుకొనుటచేత అక్షరము పెరుగును. అదియే మనకు వలసినది.

వెలుతురు విషయమున నాకు గట్టి యభిప్రాయ మున్నది. తెర కాంతిని నిట్లు అను కొలతతో చెప్పుదురు. చౌక తెరలు 250 నిట్లకు అటునిటుగా నుండును. గదిలో నది చాలును. మన పంచలో పగటివేళ చాలదు. అరుగుమీద కూర్చుండి చదువు నలవాటు గలవారు 400 నిట్లకు తగ్గనిది చూచికొనవలయును. అంతకంటె ముఖ్యమైనది ఉపరితలము. అద్దమువలె తళతళలాడు తెర దుకాణమున మనసు దోచును. ఇంట మన నెరసిన గడ్డమునే మనకు చూపును. మందమెరుపు గలదానినే కొనుడు. ఐ.పి.యస్. అను జాతి తెరను ప్రక్కనుండి చూచినను రంగు మారదు. ఇద్దరు చెరియొక ప్రక్క కూర్చుండి చదువుచోట ఇది లేనిచో కలహమే.

విద్యుత్తు లెక్క యొకటి చెప్పి ముందునకు పోయెదను. ఇట్టి తెర సుమారు ఎనిమిది వాట్లు త్రాగును. పలక తానొక అయిదు వాట్లు. పలక బ్యాటరీలో నిలువ యుండునది ఇరువదియేడు వాట్ల గంటలైనచో, తెరను దానిమీదనే వెలిగించినపుడు రెండు గంటలలో రెండును ఆరిపోవును. కావున రెండు టైప్ సి రంధ్రములు గల తెరను ఎన్నుకొనుడు. ఒకదానికి పలకను, రెండవదానికి గోడలోని విద్యుత్తును తగిలించినచో, మంచి తెర తాను త్రాగుచు పలకకును పోయును. ఈ గుణము కలదా యని దుకాణములో అడుగవలయును.

స్పర్శతో పనిచేయు తెరలును గలవు. మన పనికి అక్కర లేదు. లోపల నమర్చిన మాటపెట్టెలు తుమ్మెద రొదవంటివి. వానికై అదనముగా నొక రూకయు నీయకుడు. నిలబెట్టు కాలు మాత్రము గట్టిదిగా నుండవలయును. మడతబెట్టు అట్టకాలు గలవి మెత్తని మంచముపై నిలువక బోర్లపడును.

ఇంత చెప్పి, కొననక్కరలేనివా రెవరో చెప్పకున్న నాది దుకాణదారుని ప్రసంగ మగును. యంత్రము ఇల్లు కదలనిచో, బల్లమీద నుంచు సామాన్యపు మానిటరు ఇంచుమించు ఇదే వెలకు ఇరువదిరెండు అంగుళములది దొరకును. ఇంట టెలివిజను, హెచ్.డి.ఎం.ఐ. గల ల్యాప్‌టాపు రెండును ఉన్నవారు ఒక తీగ మాత్రము కొనిన చాలును. అమెరికాలోని కొడుకు ముఖమును గోడంత చూచుకొనవచ్చును. బొమ్మను పంపలేని పలకనుండి సయితము, కొన్ని టెలివిజనులకు తీగ లేకయే వై-ఫై మార్గమున బొమ్మను పంపవచ్చును. వారమువారము సంచిలో పెట్టుకొని ఊరు మారు మాబోటివారికే ఈ పలుచని తెర తగినది.

నా తెర గతి యేమైనదని మీరు అడుగవచ్చును. నాలుగు నెలలు అలమరలో ధూళి పట్టినది. పిమ్మట మా అమ్మాయి తన పాత ల్యాప్‌టాపును పంపెను. దాని అంచున హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము కనబడినపుడు నాకు కలిగిన సంతోషమును మనుమరాలు ఫోనులో విని నవ్వెను. ఎఱ్ఱ పేలిక తీగను విద్యుత్తునకును, వేరొక తీగను బొమ్మకును తగిలించితిని. తెరపై ఆకు నిండుగా పరచుకొన్నది. క్రింద ల్యాప్‌టాపులో నేను ప్రతి వ్రాయుటకు చోటున్నది.

మరుసటి వారము దానిని సంచిలో నుంచుకొని, నడుమ రెండు తువ్వాళ్ళు చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని సహాధ్యాయి యింటికి పోతిని. ఆయన కళ్ళజోడు తుడుచుకొని పీట దగ్గరకు జరుపుకొనెను. నలువదియొకటవ యాకు తెరచి, అంకె యున్న తావును పెద్దది చేసితిని. గంటము గీచిన గీతలలో మసి నిలిచి నల్లగా నున్నది. నేను మూడవ వంపని పట్టుబట్టిన గీతలో మసి లేదు. దాని అంచులు పొడిపొడిగా నుండి, క్రింది వరుసలోనికిని సాగి పోయినవి. అది పురుగు తొలిచిన గాడి. ఆయన యేమియు ననలేదు. లోపలికి చూచి, "ఏమే, పంతులుగారికి కాఫీ తెమ్ము" అనెను. నేను ప్రతిలో ౩ కొట్టివేసి ౨ అని దిద్దితిని.